పాత ఆయిల్ చివరి చుక్క దాకా దిగాలా?

ప్రశ్న: అయ్యా, నమస్కారం. నాది ఆరేళ్ల నాటి 1.2 లీటర్ల పెట్రోలు కారు. ఏటా మెకానిక్‌ను ఇంటికే పిలిపించి ఇంజిన్ ఆయిల్ మార్పిస్తుంటాను. గేటు ముందున్న వాలు మీద, ముందు భాగం రోడ్డు వైపు ఉండేలా కారు నిలిపి, పొద్దున్నే పని మొదలుపెడతాడు. ఈసారి దిగిన పాత ఆయిల్‌ను కొలిచి చూస్తే 2.7 లీటర్లే ఉంది. మాన్యువల్‌లో ఫిల్టర్‌తో కలిపి 3.1 లీటర్లు, ఫిల్టర్ మార్చకపోతే 2.9 లీటర్లు పోయాలని ఉంది. ఫిల్టర్ మార్చి కొత్త ఆయిల్ 3.1 లీటర్లు పోయించాను. రెండు రోజులకే అది నల్లబడింది. మిగతా 400 మి.లీ. పాత ఆయిల్ లోపలే ఉండిపోయిందా? అయిదు నిమిషాలకే బోల్టు బిగిస్తుంటే ఇంకో అరగంట ఆగమన్నాను. ‘ఇంకేమీ రాదు సార్’ అన్నాడు. రాత్రంతా వదిలేయమని ఒకరు, పైనుంచి గాలి కొట్టించమని ఒకరు, లీటరు డీజిల్ పోసి ఇంజిన్ తిప్పి తీయమని మరొకరు చెబుతున్నారు. వీటిలో ఏది చేయాలి?
— ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: దిగిన ఆయిల్‌ను కొలిచి, ఆ అంకెను మాన్యువల్‌తో సరిచూసుకునే అలవాటు చాలా కొద్దిమందికే ఉంటుంది, మీరు ఆ శ్రమ తీసుకున్నారు కాబట్టే మీ ప్రశ్నకు ఊహతో కాక లెక్కతో జవాబు చెప్పే వీలు కలిగింది. అయితే 3.1లోంచి 2.7 తీసివేసి, తేలిన 400 మిల్లీలీటర్లూ ఇంజిన్‌లోనే ఉండిపోయాయని అనుకోవడం తొందరపాటు అవుతుంది. ఆ తేడాకు మూడు కారణాలు ఉండవచ్చు. వాటిలో రెండింటికి ఆయిల్ సరిగా దిగకపోవడంతో సంబంధమే లేదు.

మొదటిది పాత ఫిల్టర్. మీ మాన్యువల్‌లోని రెండు అంకెల మధ్య ఉన్న 200 మి.లీ. తేడా ఫిల్టర్ పట్టుకునే ఆయిలే. విప్పిన ఫిల్టర్‌ను మెకానిక్ బేసిన్‌లో ఒంపకుండా పక్కన పెట్టేసి ఉంటే, ఆ ఆయిల్ ఇంజిన్‌లోంచి బయటికి వచ్చింది గాని మీ కొలతలోకి రాలేదు. ఒకవేళ ఒంపినా, ఫిల్టర్ లోపల మడతలు మడతలుగా కాగితం ఉంటుంది, ఇంజిన్ ఆగినప్పుడు ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు వాల్వు కూడా చాలావాటిలో ఉంటుంది, కాబట్టి నిమిషంలో ఖాళీ అయ్యే వస్తువు కాదది.

రెండోది, ఆయిల్ మార్చిన రోజున ఇంజిన్‌లో అసలు ఎంత ఆయిల్ ఉందన్న సంగతి. ఆరేళ్లు తిరిగిన ఇంజిన్ ఏడాది కాలంలో కొంత ఆయిల్‌ను కాల్చుకోవడం మామూలే. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ మీద పై గీతకూ కింది గీతకూ మధ్య ఉండే పరిమాణం చాలా చిన్న కార్లలో 800 మి.లీ. నుంచి 1 లీటరు దాకా ఉంటుంది. మట్టం పై గీత నుంచి పావు వంతు దిగి ఉన్నా 200 మి.లీ.కి తక్కువ కాకుండా లోటు ఉన్నట్టే. అప్పుడు ఎంత ఓపికగా దింపినా 3.1 లీటర్లు రావు, ఎందుకంటే లోపల అంత లేదు. అందుకే ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టుకు పానా తగిలించకముందే డిప్‌స్టిక్ చూసి, మట్టం ఎక్కడుందో రాసిపెట్టుకోవాలి. ఆ ఒక్క అంకె లేకుండా దిగిన ఆయిల్ కొలత సగం కథే చెబుతుంది.

మూడోది, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది, గేటు ముందున్న వాలు. వాన నీరు ఇంట్లోకి రాకుండా మన ఊళ్లలో కట్టుకునే ఆ వాలు కంటికి చిన్నదిగా కనిపించినా, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌కు అది చిన్నది కాదు. ఛాంబర్ అడుగు కారు పొడవు దిశలో 20 సెం.మీ., అడ్డంగా 25 సెం.మీ. ఉందనుకుందాం. 12 అడుగులకు 1 అడుగు దిగే వాలు మీద కారు నిలిపితే, ఆ 20 సెం.మీ.లో ఒక కొసకూ మరో కొసకూ సుమారు 1.7 సెం.మీ. ఎత్తు తేడా వస్తుంది. డ్రెయిన్ బోల్టు ఎత్తుగా ఉన్న కొసన ఉందంటే, పల్లంలో నిలిచిపోయే ఆయిల్ 400 మి.లీ. పైచిలుకు లెక్కకు వస్తుంది. నిజమైన ఛాంబర్ల అడుగు ఇంత చదునుగా ఉండదు, బోల్టు దగ్గర కాస్త లోతుగా పోతపోస్తారు, అందువల్ల అసలు నిలిచేది ఇందులో సగమే కావచ్చు. అయినా అది గంటసేపు చుక్కలు లెక్కపెట్టినా దిగని ఆయిల్. మీ కారు ముందు భాగం పల్లం వైపు ఉంటుందని రాశారు. ముందు చక్రాలతో నడిచే కార్లలో చాలావాటికి ఈ బోల్టు ఛాంబర్ వెనకవైపు అడుగున ఉంటుంది. మీ కారుకు కూడా అలాగే ఉంటే, ఏటా మీరు ఆయిల్‌ను బోల్టుకు దూరంగా పంపించి ఆ తరువాత బోల్టు విప్పిస్తున్నారన్న మాట. ఒకసారి కిందికి వంగి అది ఏ వైపుందో చూడండి.

ఈ మూడింటిలో మీ విషయంలో ఏది జరిగిందో ఇప్పుడైనా తేల్చుకోవచ్చు. కారును చదునైన చోట నిలిపి, ఇంజిన్ ఆపిన తరువాత ఒక పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీసి చూడండి. మట్టం సరిగ్గా పై గీత దగ్గర ఉంటే, పోసిన 3.1 లీటర్లకు చోటు ఉన్నట్టే, అంటే పాతది దిగవలసినంతా దిగింది. తగ్గిన కొలత ఫిల్టర్‌తో పోయింది, లేదా అంతకుముందే ఇంజిన్ కాల్చేసింది. మట్టం పై గీతను దాటి, రెండు గీతల మధ్య దూరంలో అయిదో వంతో, నాలుగో వంతో పైకి కనిపిస్తే మాత్రం సుమారు ఆ 200 మి.లీ. పాత ఆయిల్ లోపల నిలిచి ఉండగానే దానిమీద కొత్తది పూర్తిగా పోశారని అర్థం. ఈ రెండో పరిస్థితిలో నాకు పాత ఆయిల్ మిగిలిందన్న దిగులు కన్నా మట్టం పెరిగిందన్న దిగులే ఎక్కువ. ఆయిల్ మరీ ఎక్కువైతే ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ బరువులు తిరుగుతూ దాన్ని తాకి చిలుకుతాయి, నురుగు పుడుతుంది, పంపు ఆయిల్‌తో పాటు గాలిని కూడా ఇరుసులను మోసే బేరింగులకు పంపుతుంది. కొంత ఆయిల్, ఇంజిన్ లోపలి ఆవిరిని పంపించే గొట్టం గుండా ఇంజిన్ పీల్చే గాలి దారిలోకి చేరి కాలిపోతుంది. కాబట్టి అదనంగా ఉన్నంత మేర డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నని పైపు, సిరంజి సాయంతో లాగించేయండి. మెకానిక్‌కు ఇది పది నిమిషాల పని.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. పాత ఆయిల్‌ను చివరి చుక్క దాకా దింపడం ఇంజిన్‌ను విప్పితే తప్ప సాధ్యం కాదు, అలా దించాలని ఇంజిన్ తయారుచేసినవారు కూడా ఆశించలేదు. వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ కింది చిన్న గుంతల్లో, సిలిండర్ బ్లాకులోని సన్నని దారుల్లో, పంపులో, చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్‌లో, లోపలి గోడలన్నిటి మీద పలుచని పొరగా, బోల్టు రంధ్రపు అంచుకు దిగువన ఛాంబర్ అడుగున కొంత ఆయిల్ ఎప్పుడూ ఉంటుంది. కొన్ని కంపెనీల రిపేరు పుస్తకాల్లో రెండు కాదు, మూడు అంకెలు ఇస్తారు: ఆయిల్ మాత్రమే మార్చితే ఒకటి, ఫిల్టర్‌తో మార్చితే ఒకటి, పూర్తిగా పొడిగా ఉన్న ఇంజిన్‌కు ఒకటి. మూడో అంకె రెండోదాని కన్నా కొన్ని వందల మిల్లీలీటర్లు ఎక్కువ ఉంటుంది. ఆ తేడాయే, ఎంత బాగా దించినా మిగిలే ఆయిల్. ఎన్ని కిలోమీటర్లకు ఆయిల్ మార్చాలో చెప్పేటప్పుడు అది మిగులుతుందని తెలిసే చెబుతారు.

మిగిలినది ఎంత హాని చేస్తుందో లెక్క కట్టి చూద్దాం, ఎందుకంటే ఈ విషయంలో భయం, నిర్లక్ష్యం రెండూ లెక్క లేకపోవడం వల్లనే పుడుతున్నాయి. మీ ఇంజిన్‌లో మామూలుగా 300 మి.లీ. మిగిలి, 3.1 లీటర్లు కొత్తది పడిందనుకోండి, మొత్తం 3.4 లీటర్లలో పాతది 9 శాతం. ఏటా ఇలాగే చేస్తూ పోతే, నిరుటి మురికిలో 9 శాతం, అంతకుముందు ఏడాది మురికిలో దానికీ 9 శాతం, ఇలా కలుస్తూ వచ్చినా, చివరికి ఆయిల్‌లోని మురికి, పూర్తిగా కొత్త ఆయిల్‌తో మొదలైన ఇంజిన్‌లో ఏడాది చివర ఉండేదాని కన్నా 10 శాతమే ఎక్కువ దగ్గర స్థిరపడుతుంది. అది ఏటేటా పెరుగుతూ పోయేది కాదు. వాలు మీద నిలిపినందువల్ల మరో 400 మి.లీ. మిగిలితే, మట్టం సరిగా పై గీత దాకానే పోసినా, పాతది 21 శాతం అవుతుంది, మురికి 26 శాతం ఎక్కువ దగ్గర నిలుస్తుంది. దానికి తోడు ఫిల్టర్ కూడా మార్చకపోతే 36 శాతం. ఇప్పుడు మీరు అడిగిన అరగంట సంగతి చూడండి: చుక్కలుగా పడే దశలో అరగంటకు 30 మి.లీ. వచ్చినా అది మొత్తంలో ఒక్క శాతం కూడా కాదు. అంటే మీ మెకానిక్ ‘ఇంకేమీ రాదు’ అన్న మాట ఆ వాలు మీద, ఆ చల్లని ఆయిల్‌తో నిజమే. కారును చదును మీద, వేడిగా నిలిపి ఉంటే మాత్రం అయిదు నిమిషాల్లోనే ఇంకా చాలా వచ్చేది.

ఇదే లెక్కలో ఇంకొక సంగతి ఉంది. 10,000 కి.మీ.కు మార్చవలసిన ఆయిల్‌ను 13,000 దాకా నడిపేవారు, మార్చిన రోజున ఎంత శుభ్రంగా దించినా, వాలు మీద అరకొరగా దించి సమయానికి మార్చే మీకన్నా ఎక్కువ మురికితో ఇంజిన్‌ను నడుపుతున్నట్టే. ఆయిల్‌లో మసి, తేమ, పెట్రోలు కలవడం ఒక ఎత్తయితే, ఆమ్లాలను విరిచే, మురికిని గడ్డకట్టనివ్వక తేల్చి ఉంచే రసాయనాలు తరిగిపోవడం మరో ఎత్తు. మిగిలిన పాత ఆయిల్ తనతో ఉన్న ఆమ్లాల వల్ల కొత్త ఆయిల్‌లోని ఆ రసాయనాలను మొదటి రోజు నుంచే కొంత ఖర్చు చేయిస్తుంది. అది కొద్దిపాటి నష్టం. తేదీ దాటిపోవడం దానికన్నా పెద్ద నష్టం.

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు దించే అలవాటును మాత్రం వెంటనే మానిపించండి. మామూలు 5డబ్ల్యు-30 రకం ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర సుమారు 60 సెంటీస్టోక్‌లు (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) ఉంటే, 100 డిగ్రీల దగ్గర 10 లేదా 11 ఉంటుంది. ఆరో వంతుకు పడిపోతుందన్న మాట. జనవరి పొద్దున కరీంనగర్ చలిలో అది 40 డిగ్రీల దగ్గరి కన్నా కూడా కొన్ని రెట్లు చిక్కగా ఉంటుంది. వేడి మీద పాకం గిన్నె వంచగానే జారిపోతుంది, చల్లారితే గిన్నెకే అంటుకుంటుంది, ఇదీ అంతే. పైగా ఇంజిన్ కాసేపు తిరిగి ఆగితే అడుగున పేరుకున్న మురికి ఆయిల్‌లో కలిసి, మొదటి ధారతోనే బయటికి వస్తుంది. రాత్రంతా నిలిచిన ఇంజిన్‌కు ఒక మేలు లేకపోలేదు, పైనున్న ఆయిల్ చాలావరకు ఛాంబర్‌లోకి దిగి ఉంటుంది. కానీ అడుగున నిలిచిన మురికి కదలదు. కాబట్టి ఒక ఎనిమిది, పది కిలోమీటర్లు నడిపి వచ్చిన తరువాత పని మొదలుపెట్టించండి. మీటరులో నీటి వేడి మధ్యకు వచ్చిందని ఆయిల్ కూడా వేడెక్కిందనుకోకూడదు, ఆయిల్ నీటికన్నా నెమ్మదిగా వేడెక్కుతుంది. అయితే అప్పుడే ఆపిన ఇంజిన్‌లోని ఆయిల్ 90 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, చేతి మీద పడితే బొబ్బలెక్కుతుంది. ఇంజిన్ ఆపి పావుగంట ఆగి, చేతులకు తొడుగులు వేసుకుని బోల్టు విప్పడం మంచిది; ఆ ఆలస్యంలో పైనున్న ఆయిల్ కూడా కిందికి చేరుతుంది.

పని చదునైన చోటే జరగాలి. మీ ఇంటి దగ్గర అలాంటి చోటు లేకపోతే గుంత గాని, నాలుగు చక్రాలనూ సమంగా ఎత్తే లిఫ్టు గాని ఉన్న మెకానిక్ షెడ్డుకే కారును తీసుకువెళ్లండి. ముందు భాగాన్ని మాత్రమే జాకీతో ఎత్తితే, బోల్టు వెనకవైపు ఉన్న కార్లలో అది మేలే చేస్తుంది, ముందు వైపో పక్కనో ఉంటే చెరుపు చేస్తుంది. ఎటైనా సరే, ఒక్క జాకీ మీద నిలిపిన కారు కిందికి ఏ మనిషినీ దూరనివ్వకండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టి సరిపెట్టుకోనివ్వకండి. బరువు మోసే స్టాండ్లు లేకపోతే ఆ రోజు ఆ పని చేయించవద్దు. కొద్దిపాటి పాత ఆయిల్ కోసం ఒక మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టలేం.

బోల్టు విప్పేముందు పైనున్న ఆయిల్ మూతను తీసి, డిప్‌స్టిక్‌ను కొద్దిగా పైకి లాగి ఉంచితే లోపలికి గాలి సులువుగా వెళ్లి ధార ఆగి ఆగి కాకుండా నిండుగా పడుతుంది. మొదటి రెండు మూడు నిమిషాల్లోనే దిగవలసిన దానిలో చాలా భాగం దిగిపోతుంది. బోల్టు తెరిచి ఉండగానే ఫిల్టర్ విప్పించండి. కొందరు బోల్టు బిగించేసి ఆ తరువాత ఫిల్టర్ పనికి వెళతారు, అది సరైన వరస కాదు. ఫిల్టర్ ఊడగానే దాని దారుల్లో నిలిచిన ఆయిల్‌లో కొంత ఛాంబర్‌లోకి తిరిగి దిగుతుంది, దానికి బయటికి వచ్చే దారి తెరిచి ఉండాలి. ధార దారమై, దారం చుక్కలై, ఒక చుక్కకూ మరో చుక్కకూ మధ్య మూడు నాలుగు క్షణాల వ్యవధి వచ్చేదాకా ఆగండి. వేడి ఆయిల్‌కు, చదును మీద, పది పదిహేను నిమిషాల్లో ఆ స్థితి వస్తుంది. ఆ తరువాత ఆగడం వల్ల ఇంజిన్‌కు కలిగే లాభం లెక్కలోకి రాదు. మీ దగ్గర అదే రకం కొత్త ఆయిల్ కొంత మిగిలి ఉంటే, బోల్టు మూయకముందు ఒక 200 మి.లీ. పైనుంచి పోసి వదలవచ్చు. అది కామ్‌షాఫ్ట్ గుంతలనూ ఛాంబర్ అడుగునూ కాస్త కడిగి గోధుమ రంగులో బయటికి వస్తుంది. చేయకపోయినా నష్టం లేదు. మీకు ఇతరులు చెప్పిన మూడు ఉపాయాల కన్నా మాత్రం ఇది ఎంతో మేలైనది.

రాత్రంతా వదిలేయమన్న సలహాలో పెద్ద హాని లేదు, పెద్ద మేలూ లేదు. ఫిల్టర్ కూడా లేకుండా అన్ని గంటలు తెరిచి ఉంచితే దారులు బాగా ఖాళీ అయి, మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ఆయిల్ ప్రెజర్ లైటు ఆరడానికి మామూలుకన్నా ఎక్కువ సేపు పడుతుంది; అంతసేపూ బేరింగులు పాత పొర మీదే తిరగాలి. తెరిచిన రంధ్రాల్లోకి దుమ్ము పోతుంది. అన్నిటికన్నా ప్రమాదం, తెల్లవారి ఇంట్లో మరెవరైనా కారు తాళం తిప్పడం. అలా వదలక తప్పని పరిస్థితి వస్తే తాళం మీ దగ్గరే ఉంచుకుని, స్టీరింగ్‌కు ఒక చీటీ కట్టండి.

గాలి కొట్టించడం మాత్రం వద్దు. మన షెడ్లలోని కంప్రెసర్ ట్యాంకుల్లో, ముఖ్యంగా వానాకాలంలో, నీరు చేరుతుంది. ఆ తేమను, గొట్టంలోని దుమ్మును మీరే ఇంజిన్‌లోకి ఊదించినట్టు అవుతుంది. ఇంజిన్ లోపలి సీళ్లు అంత ఒత్తిడికి తయారుచేసినవి కావు. గాలి వెళ్లి సన్నని దారుల్లోని ఆయిల్‌ను నెట్టుతుందని అనుకుంటారు గాని, అది పెద్ద ఖాళీల గుండా సులువైన దారి చూసుకుని బయటికి వచ్చేస్తుంది. ఆయిల్ దించిన తరువాత స్టార్టరు తిప్పి మిగిలినది కక్కించే పద్ధతి కూడా కొందరికి ఉంది. నాలుగు చెంచాల ఆయిల్ కోసం బేరింగుల మీది పొరను గీకేసే పని అది.

డీజిల్ పోసి తిప్పడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతిని మంచి పనిమంతులు కూడా ఒకప్పుడు పాటించారు. పూర్వం ఆయిళ్లలో మురికిని తేల్చి ఉంచే రసాయనాలు ఇంతగా ఉండేవి కావు, ఇంజిన్ అడుగున జిగురులాంటి మడ్డి పేరుకునేది, దాన్ని కరిగించడానికి డీజిలో, కిరసనాయిలో పోసేవారు. ఇప్పటి ఆయిల్ ఆ శుభ్రం చేసే పనిని రోజూ నడుస్తూనే చేస్తుంది. మీ దిగులు ఏమిటి? లోపలి మూలల్లో 300 మి.లీ. మిగులుతుందని. డీజిల్ పోసి తిప్పి దించినా ఆ మూలల్లో అదే 300 మి.లీ. మిగులుతుంది, ఈసారి అది పాత ఆయిల్, డీజిల్ కలిసిన ద్రవం. పాత ఆయిల్ ఎంత వాడినదైనా ఆయిలే, బేరింగును ఎంతో కొంత కాపాడుతుంది. డీజిల్ కాపాడదు, పైగా కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. మీ కారుకు 20 గ్రేడు పలుచని ఆయిల్ చెప్పి ఉంటే, 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్‌ల లోపే ఉండాలన్నది ప్రమాణం. అక్కడి నుంచి ఇంకా పలచబడితే పొర నిలవదు. ఆయిల్ లేకుండా డీజిల్‌తో ఇంజిన్ తిరిగిన ఆ కొద్ది నిమిషాల అరుగుదల వేరే. ఇంజిన్ లోపల కడగడానికి డబ్బాల్లో అమ్మే ఫ్లష్ ద్రవాల జోలికి కూడా మీరు వెళ్లనక్కరలేదు.

ఏటా ఆయిల్ మార్చిన ఇంజిన్‌లో మడ్డి పేరుకునే అవకాశం తక్కువ. అనుమానం తీరాలంటే ఆయిల్ మూత తీసి టార్చి వేసి చూడండి. కామ్‌షాఫ్ట్ చుట్టూ లోహం లేత గోధుమ రంగులో శుభ్రంగా కనిపిస్తే సరి. నల్లని మందపాటి పూత కనిపిస్తే దాన్ని ఒక్కసారిగా కదిలించకూడదు; పెచ్చులుగా ఊడిన మడ్డి పంపు నోటి దగ్గరి జల్లెడకు అడ్డుపడి ఆయిల్ అందకుండా చేస్తుంది. అలాంటి ఇంజిన్‌కు మంచి ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి, 2,000 కి.మీ.కే మార్చి, మళ్లీ 2,000 కి.మీ.కు మార్చడం నెమ్మదైన, నిలకడైన వైద్యం. 9 శాతంలో 9 శాతమంటే ఒక్క శాతం లోపే కదా. వరసగా రెండుసార్లు మార్చితే, మీరు ఏ ఉపాయంతోనూ దించలేని ఆ పాత ఆయిల్ దానంతట అదే పోతుంది.

రెండు రోజులకే రంగు మారిందన్న ఆందోళన కూడా ఇందులో భాగమే. మసి రేణువులు చాలా సన్నవి, అవి చాలా కొద్ది మొత్తంలో ఉన్నా ఆయిల్ నల్లగా కనిపిస్తుంది. 9 శాతం పాత ఆయిల్ కలిస్తే చాలు, బంగారు రంగు పోవడానికి. డీజిల్ ఇంజిన్లలో కొత్త ఆయిల్ ఇంటికి చేరేలోపే నల్లబడుతుంది, అది తప్పు కాదు. రంగును చూసి ఆయిల్‌కు వయసు కట్టవద్దు. చూడవలసినవి వేరే ఉన్నాయి: ఆయిల్ పాలలా తెల్లబడితే కూలెంట్ గాని తేమ గాని కలుస్తోంది, పెట్రోలు వాసన గట్టిగా వచ్చి మట్టం పెరుగుతుంటే దగ్గర దగ్గర ప్రయాణాల్లో కాలని ఇంధనం కలుస్తోంది, దిగిన ఆయిల్‌ను వెలుతురులో చూస్తే మెరిసే లోహపు నలుసులు కనిపిస్తే వెంటనే తెలిసినవారికి చూపించాలి. డ్రెయిన్ చేసే పావుగంటలో మీరు బేసిన్ దగ్గర నిలబడి చూడవలసింది చుక్కలను కాదు, వీటిని.

బోల్టు తిరిగి బిగించేటప్పుడు దాని కింద వాషర్ కొత్తది వేయించండి. అది ఒకసారి నలిగి సీలు వేసేందుకు తయారైన రాగి లేదా అల్యూమినియం బిళ్ల, దాని ధర చాలా తక్కువ. చిన్న కార్లలో చాలావాటికి ఈ బోల్టు బిగువు 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారుకు ఎంతో మాన్యువల్‌లో చూసి, బిగువును కొలిచే టార్క్ పానాతో బిగించమనండి. నేను వర్క్‌షాప్‌లో పనిచేసిన రోజుల్లో, కారుతుందేమోనన్న భయంతో ప్రతిసారీ ఒళ్లంతా బలం పెట్టి బిగించగా అల్యూమినియం ఛాంబర్ మరలు ఊడిపోయిన కార్లను చాలా చూశాను. ఆయిల్ మార్చే ఖర్చుకు ఎన్నో రెట్లు ఛాంబర్ మార్చడానికి పెట్టవలసి వచ్చింది. ఫిల్టర్ విప్పినప్పుడు పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడాలి, రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే దారిలోనే ఆయిల్ అంతా కారిపోవచ్చు. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి, చేత్తోనే బిగించాలి.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు మాన్యువల్ అంకెను గుడ్డిగా అనుసరించకండి. మొదట 2.8 లీటర్లు పోసి, ఇంజిన్‌ను ఒక నిమిషం తిప్పి ఆపి, పది నిమిషాల తరువాత చదును మీద డిప్‌స్టిక్ చూసి, మిగతాది కొంచెం కొంచెంగా పై గీత దగ్గరికి తీసుకురండి. ఇలా పోస్తే, ఏదైనా కారణం వల్ల పాతది ఎక్కువ మిగిలినా మట్టం పెద్దగా పొంగిపోదు. పై గీతకు చేరేందుకు చివరికి ఎంత పట్టిందో రాసుకోండి; ఆ అంకె 3.1కి దగ్గరగా ఉంటే, పాత ఆయిల్ సరిగానే దిగిందనడానికి అంతకన్నా నమ్మకమైన సాక్ష్యం లేదు.

దిగిన ఆయిల్‌ను ఎక్కడా పారబోయనివ్వకండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమే. 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని తిరిగి శుద్ధికి చేర్చే బాధ్యతను ఆయిల్ తయారీదారుల మీద కూడా పెట్టారు. చెదలు పట్టకుండా దూలాలకు, గుమ్మాలకు పూయడం, దోమలు చావాలని మురుగు గుంతలో పోయడం మన వైపు ఇంకా ఉన్న అలవాట్లు. అందులో చర్మ క్యాన్సర్‌కు కారణం కాగల పదార్థాలు ఉంటాయి, కొద్దిపాటి ఆయిల్ చాలా నీటిని పాడుచేస్తుంది. మూత ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్‌ను గుర్తింపు పొందిన శుద్ధి కేంద్రాలకు పంపే వర్క్‌షాప్‌కు ఇవ్వండి. అలా ఇచ్చేముందు పాత ఫిల్టర్‌ను కూడా ఒక రాత్రంతా ఆ డబ్బా మీదే బోర్లించి ఉంచి, దాంట్లోంచి కారినది కూడా కలిపి, ఆ మొత్తాన్ని కొలిచి, ముందు రాసుకున్న డిప్‌స్టిక్ మట్టం పక్కన రాసిపెట్టుకోండి.